కన్ను గొప్పదా, కెమెరా గొప్పదా?

పిల్లలూ!

కొత్త ఫోను కొన్న ఇంట్లో మొదట వినిపించే మాట ఒకటున్నది: "దీని కెమెరా యాభై మెగాపిక్సెల్లు!" అంతలో పక్కింటివారి ఫోను నూట ఎనిమిది అని తెలుస్తుంది. పాపం, మన యాభై చిన్నబోతుంది. అప్పుడు మీవంటి చురుకైన వాళ్ళకు ఒక సందేహం కలగటం సహజమే. "సరే, ఫోను సంగతి అట్లా ఉంచండి. మన కంటికి ఎన్ని మెగాపిక్సెల్లు?"

ఈ ప్రశ్నకు జవాబుగా ఒక అంకె బాగా ప్రచారంలో ఉన్నది. అది 576. ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చింది? అందులో నిజం ఎంత? అసలు చూపును దేనితో కొలవాలి? ఈ నెల ఈ సంగతులు తెలుసుకుందాం. ఒక స్కేలు, ఒక తెల్లకాగితం, నల్లసిరా పెన్ను దగ్గర పెట్టుకోండి. అమ్మనూ నాన్ననూ కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి. ఆఖరున వాళ్ళు వినవలసిన మాట ఒకటున్నది.

చుక్కల బొమ్మ

దినపత్రికలో అచ్చయిన ఫొటోను భూతద్దంతో చూడండి. ముఖం మాయమై, చుక్కలు మాత్రమే కనిపిస్తాయి. భూతద్దం తీసేస్తే చుక్కలు మాయమై, మళ్ళీ ముఖం వస్తుంది. ఫోనులోని బొమ్మ కూడా ఇట్లాంటిదే. చిన్న చిన్న చదరాలు వరసలుగా పేర్చి ఉంటాయి. ఒక్కొక్క చదరానికి ఒక్కొక్క రంగు. ఈ చదరాన్నే పిక్సెల్ అంటారు. మనం దాన్ని చుక్క అనే చెప్పుకుందాం. పది లక్షల చుక్కలు కలిస్తే ఒక మెగాపిక్సెల్. ఒక బొమ్మలో అడ్డంగా 4,000 చుక్కలు, నిలువుగా 3,000 వరసలు ఉన్నాయనుకోండి. హెచ్చించి చూడండి. 1,20,00,000 చుక్కలు. అనగా 12 మెగాపిక్సెల్లు.

మొట్టమొదట ఒక ఫొటోను ఇట్లా చుక్కలుగా విడగొట్టి కంప్యూటరులోకి ఎక్కించినవాడు రసెల్ కిర్ష్ అనే అమెరికా ఇంజనీరు. అది 1957లో జరిగింది. ఆయన తన మూడు నెలల కొడుకు ఫొటోను తీసుకున్నాడు. అడ్డంగా 176, నిలువుగా 176 చుక్కలు, మొత్తం 30,976. అంతకు మించి పట్టే చోటు ఆనాటి కంప్యూటరులో లేదు. అయినా ఆ మసక బొమ్మలో ముద్దులొలికే పసివాడి ముఖం స్పష్టంగా గుర్తుపట్టవచ్చు.

చుక్కలు ఎక్కువైతే బొమ్మ బాగుంటుంది. అంతవరకు నిజమే. కాని ఒక చిక్కు ఉన్నది. లక్ష చుక్కల బొమ్మను తపాలా బిళ్ళ మీద అచ్చువేస్తే ఎంతో నున్నగా ఉంటుంది. అవే లక్ష చుక్కలను సినిమా పోస్టరంత చేస్తే, దగ్గర నిలబడినవాడికి గళ్ళు గళ్ళుగా కనిపిస్తుంది. ఆ పోస్టరునే వీధి చివర నుంచి చూస్తే మళ్ళీ నున్నన! చుక్కల సంఖ్య మారలేదు. మారింది దూరం. కాబట్టి కంటి విషయంలో "ఎన్ని చుక్కలు?" అని అడిగితే సరిపోదు. "కంటి దగ్గర ఒక చుక్క ఎంత కోణం చేస్తున్నది?" అని అడగాలి.

కోణంతో కొలత

మీ చెయ్యి బారచాచి బొటనవేలు నిలబెట్టండి. ఆ వేలి వెడల్పు మీ కంటి దగ్గర చేసే కోణం సుమారు 2 డిగ్రీలు. పున్నమి చంద్రుడు అర డిగ్రీ మాత్రమే. చాచిన బొటనవేలి వెనక చంద్రుడు సులువుగా దాక్కుంటాడు. నమ్మకం లేకపోతే వచ్చే పున్నమికి చేసి చూడండి.

ఒక డిగ్రీని 60 భాగాలు చేస్తే ఒక్కొక్క భాగాన్ని నిమిషం అంటారు. ఇది గడియారపు నిమిషం కాదు, కోణపు నిమిషం. మన పంచాంగాలలో దీన్నే "కళ" అంటారు. ఆరోగ్యమైన కన్ను వేరువేరుగా పోల్చుకోగలిగిన అతిచిన్న ఎడం సుమారు ఒక నిమిషం. రెండు గీతల మధ్య ఎడం అంతకంటె తగ్గితే రెండూ కలిసి ఒకటిగా కనిపిస్తాయి. 1 మిల్లీమీటరు ఎడం సుమారు 3½ మీటర్ల దూరాన ఒక నిమిషం అవుతుంది. మన చూపుకు ఇదే అసలైన కొలబద్ద.

ఈ కొలబద్దను మీలో చాలామంది చూసే ఉంటారు. కంటి ఆస్పత్రిలో గోడకు తగిలించే అక్షరాల పట్టీ అదే. హాలండు దేశపు కంటివైద్యుడు హెర్మన్ స్నెలెన్ దాన్ని 1862లో తయారుచేశాడు. దానిలో 6/6 వరస అని ఒకటున్నది. 6 మీటర్ల దూరం నుంచి చూస్తే ఆ వరసలోని అక్షరం ఎత్తు సరిగా 5 నిమిషాలు, అక్షరం లోని గీత మందం 1 నిమిషం. స్కేలుతో కొలిస్తే ఆ అక్షరం ఎత్తు సుమారు 8.7 మిల్లీమీటర్లు ఉంటుంది. దాన్ని చదవగలిగితే చూపు 6/6 అని రాస్తారు. చూపు 6/12 అంటే ఏమిటి? మంచి చూపు గలవాడు 12 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని చదవటానికి మీరు 6 మీటర్ల దగ్గరకు రావాలన్న మాట. 6/6 అంటే నూటికి నూరు మార్కులు అనుకోకండి. అది మామూలు ఆరోగ్యమైన చూపు. అంతకంటె చిన్న అక్షరాలు చదివే పిల్లలు కూడా కద్దు.

చంద్రుడిలో కుందేలు

ఇప్పుడొక లెక్క. చంద్రబింబం వెడల్పు అర డిగ్రీ, అనగా 30 నిమిషాలు. నిమిషానికి ఒక చుక్క చొప్పున వేసుకుంటే, కంటికి చంద్రుడు అడ్డంగా 30 చుక్కలు. గుండ్రని బింబం మొత్తం మీద సుమారు 700 చుక్కలు. అంతే! కిర్ష్ గారి పసివాడి బొమ్మలో నలభయ్యో వంతు కూడా లేదు. చంద్రుడి దూరాన ఒక నిమిషం అంటే సుమారు 112 కిలోమీటర్లు. ఆ 700 చుక్కలలోనే మన పెద్దలు కుందేలును చూశారు, చంద్రుడికి శశాంకుడని పేరు పెట్టారు.

మరి ఫోనుతో చంద్రుణ్ణి ఫొటో తీస్తే తెల్లని మచ్చ వస్తుందేం? పెద్దది చేసే కటకం లేకుండా మామూలుగా తీస్తే, 12 మెగాపిక్సెల్ల కెమెరా కూడా చంద్రుణ్ణి సుమారు 30 చుక్కల వెడల్పుననే పట్టుకుంటుంది. అనగా అక్కడ కన్నూ కెమెరా ఇంచుమించు సమానం. కాని చుట్టూ ఉన్న చీకటిని చూసి కెమెరా వెలుతురు ఎక్కువగా లోపలికి రానిస్తుంది. అందుచేత చంద్రుడు తెల్లగా మాడిపోతాడు. కుందేలు మాయమవుతుంది.

ఆకాశంలో ఇంకొక పరీక్ష కూడా ఉన్నది. పెళ్ళిలో పురోహితుడు వధూవరులకు అరుంధతిని చూపిస్తాడు గదా. పగటి ముహూర్తమైనా సరే, ఆకాశం వైపు వేలు చూపించక మానడు. సప్తర్షి మండలం తోకలో మూడు నక్షత్రాలున్నాయి. నడిమిది వసిష్ఠుడు. దాన్ని ఆనుకుని మినుకు మినుకుమనేది అరుంధతి. రెండింటికీ మధ్య ఎడం సుమారు 12 నిమిషాలు. ఒక్క నిమిషం ఎడాన్ని పోల్చుకునే కంటికి పన్నెండు నిమిషాలు ఒక లెక్కలోనిది కాదు. వేసవి సాయంకాలాలలో ఉత్తరం వైపు చూడండి. మీకు రెండూ విడివిడిగా కనిపించాలి. ఆకాశం నిర్మలంగా ఉండి, పక్కవాళ్ళకు రెండు కనిపిస్తూ మీకు ఒకటే కనిపిస్తే ఆ సంగతి ఇంట్లో తప్పక చెప్పండి. ఇంకొక వింత ఏమిటంటే, టెలిస్కోపులో చూస్తే వసిష్ఠుడు కూడా రెండు నక్షత్రాలే! వాటి మధ్య ఎడం నిమిషంలో నాలుగో వంతు కూడా లేదు. కనుక ఎంతటి మంచి కంటికైనా అవి ఒకటిగానే కనిపిస్తాయి.

చేసి చూడండి

తెల్లకాగితం మీద స్కేలుతో 2 మిల్లీమీటర్ల మందం గల నల్ల పట్టీ గియ్యండి. 2 మిల్లీమీటర్లు ఖాళీ వదలండి. మళ్ళీ ఒక పట్టీ. ఇట్లా పది పట్టీలు నిలువుగా గీసి, మంచి వెలుతురున్న చోట గోడకు అంటించండి. ఒక కన్ను అరచేతితో మూసుకోండి. కన్ను నొక్కవద్దు. రెండో కంటితో కాగితాన్ని చూస్తూ మెల్లగా వెనక్కు నడవండి. ఒకచోట నలుపూ తెలుపూ కలిసిపోయి కాగితం బూడిదరంగుగా కనిపిస్తుంది. అక్కడ ఆగి దూరం కొలవండి. తరువాత రెండో కంటితో కూడా ఇట్లాగే చెయ్యండి.

లెక్క ప్రకారం 2 మిల్లీమీటర్లు సుమారు 7 మీటర్ల దూరాన ఒక నిమిషం అవుతుంది. మీ పట్టీలు ఆ ప్రాంతాన గాని, అంతకంటె దూరాన గాని కలిసిపోతే చూపు బాగున్నదన్న మాట. మూడున్నర మీటర్లకే కలిసిపోతే అది 6/12 వంటిది. రెండు కళ్ళకు రెండు దూరాలు వస్తే ఆ అంకెలు రాసి ఉంచండి. వాటి సంగతి తరువాత చెబుతాను.

టీవీ, ఫోను కొనేటప్పుడు

ఈ నిమిషం లెక్క తెలిస్తే దుకాణంలో కూడా పనికివస్తుంది. ఫోనును 30 సెంటీమీటర్ల దూరాన పట్టుకుంటే, అంగుళానికి సుమారు 290 చుక్కలు దాటిన తరువాత చుక్కలు విడిగా కనిపించవు. 2010లో ఆపిల్ కంపెనీ అంగుళానికి 326 చుక్కల తెరతో ఒక ఫోను తెచ్చి, ఆ తెరకు "రెటీనా" అని పేరు పెట్టింది. కంటి వెనకనున్న పొర పేరే అది. వారు చెప్పదలచింది ఈ లెక్కనే.

43 అంగుళాల టీవీలో అడ్డంగా 1,920 చుక్కలుంటే ఒక్కొక్క చుక్క వెడల్పు సుమారు అర మిల్లీమీటరు. అది 1.7 మీటర్ల దూరాన ఒక నిమిషం అవుతుంది. మీ ఇంట్లో టీవీకి 3 మీటర్ల దూరాన కూర్చుంటారనుకోండి. అప్పుడు అదే సైజులో 3,840 చుక్కల టీవీ కొన్నా, చుక్కల మూలంగా మీ కళ్ళకు వచ్చే లాభం చాలా తక్కువ. రంగులు బాగున్నాయా, వెలుతురు బాగున్నదా అనేది వేరే సంగతి. నాన్నగారు టీవీ కొనటానికి బయలుదేరితే ఒక టేపు కూడా పట్టుకుపొమ్మనండి!

576 ఎక్కడిది?

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. ఒక అమెరికా శాస్త్రజ్ఞుడు ఇట్లా లెక్క కట్టాడు. కళ్ళు అటూ ఇటూ తిప్పి చూస్తే మన ముందు అడ్డంగా 120 డిగ్రీలు, నిలువుగా 120 డిగ్రీలు కనిపిస్తుందనుకుందాం. సన్నని గీతలను సరిగా చూపించాలంటే నిమిషానికి ఒక చుక్క చాలదు. నిమిషంలో పదింట మూడు వంతులకు ఒక చుక్క కావాలి. 120 డిగ్రీలంటే 7,200 నిమిషాలు. దాన్ని 0.3 చేత భాగిస్తే 24,000. ఇరవైనాలుగు వేలను ఇరవైనాలుగు వేలతో హెచ్చిస్తే 57,60,00,000. అదే 576 మెగాపిక్సెల్లు.

లెక్క తప్పు కాదు. కాని కంటిని బొత్తిగా కదపకుండా ఒక్క చూపులో ఇంత కనిపిస్తుందని అనుకుంటే అది పొరపాటు. ఈ పుటలో ఏదైనా ఒక మాట మీద చూపు నిలపండి. కన్ను కదపకుండా, దానికి నాలుగు మాటల అవతల ఉన్న మాట చదవండి. చదవలేరు! అక్కడ ఏవో అక్షరాలున్నాయని తెలుస్తుంది, అంతే.

దీనికి కారణం కంటి నిర్మాణంలోనే ఉన్నది. కటకం గుండా వచ్చిన వెలుతురు రెటీనా మీద పడుతుంది. అక్కడ వెలుతురును పట్టే కణాలు రెండు రకాలు. దండాలు సుమారు 12 కోట్లు. ఇవి మసక వెలుతురులో పనిచేస్తాయి, రంగులు చెప్పలేవు. శంకువులు సుమారు 60 లక్షలు. రంగులూ, సన్నని వివరాలూ చెప్పేవి ఇవే. శంకువులు రెటీనా అంతటా సమానంగా పరచుకుని లేవు. నడుమ "పచ్చచుక్క" అనే చిన్న చోట కిక్కిరిసి ఉంటాయి. అక్కడ పడ్డ బొమ్మే స్పష్టంగా కనిపిస్తుంది. ఆ చోటికి అందే భాగం, బారచాచిన చేతి బొటనవేలు కప్పే మేర, అనగా 2 డిగ్రీలు మాత్రమే. నడుమ నుంచి 20 డిగ్రీలు పక్కకు పోతే చూపు ఇంచుమించు పదోవంతుకు పడిపోతుంది.

ఆ శాస్త్రజ్ఞుడి పద్ధతిలోనే ఈ రెండు డిగ్రీలకు లెక్క కట్టండి. అడ్డంగా 400, నిలువుగా 400. మొత్తం 1,60,000 చుక్కలు. ఒక మెగాపిక్సెల్లో ఆరో వంతు! పక్కింటివారి ఫోను ముందు మన కన్ను ఏపాటిది?

కన్ను చేసే మాయ

అయితే లోకమంతా మనకు ఇంత స్పష్టంగా ఎట్లా కనిపిస్తున్నది? కన్ను ఊరికే ఉండదు. సెకనుకు మూడుసార్లు చొప్పున ఇటూ అటూ గెంతుతూ, పచ్చచుక్కను కావలసిన చోటికి తిప్పుతుంది. అక్కడొక ముక్క, ఇక్కడొక ముక్క చూస్తుంది. ఆ ముక్కలను కలిపి ఒక్క బొమ్మగా అల్లేది మెదడు. కన్ను గెంతేటప్పుడు పుట్టే మసకను కూడా మెదడు మనకు తెలియనివ్వదు. అద్దం ముందు నిలబడి మీ ఎడమకంటిని చూడండి, వెంటనే కుడికంటిని చూడండి. మీ కళ్ళు కదలటం మీకు కనిపించదు. పక్కన నిలబడ్డ అన్నయ్యకు కనిపిస్తుంది!

మెదడు చేసే ఇంకొక పని చూద్దాం. కాగితం మీద ఎడమవైపు ఒక గుణకారపు గుర్తు, దానికి 8 సెంటీమీటర్లు కుడిగా ఒక నల్లచుక్క పెట్టండి. ఎడమకన్ను మూసి, కుడికంటితో గుణకారపు గుర్తునే చూస్తూ కాగితాన్ని మెల్లగా దగ్గరకు తీసుకురండి. సుమారు 30 సెంటీమీటర్ల దగ్గర నల్లచుక్క మాయమవుతుంది. రెటీనా నుంచి నాడి బయటికి పోయే చోట దండాలూ లేవు, శంకువులూ లేవు. దాన్ని అంధచుక్క అంటారు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మారియట్ దీన్ని 1660లో కనిపెట్టాడు. అయితే చుక్క పోయిన చోట మీకు చిల్లు కనిపించలేదు, తెల్లకాగితమే కనిపించింది. ఆ చోటును కాగితపు రంగుతో పూడ్చింది మెదడే.

రెటీనాలో కణాలు పన్నెండున్నర కోట్లు; మెదడుకు పోయే దృక్ నాడిలో పోగులు సుమారు 10 లక్షలు. అంటే చూసినదంతా లోపలికి పోదు. అంచులు, కదలికలు, తేడాలు—పనికివచ్చే సమాచారాన్ని రెటీనాయే ఏరి పంపుతుంది.

ఈ ఏర్పాటు చేసే గొప్ప పనులు కూడా ఉన్నాయి. సెంటీమీటరు మందం గల కరెంటు తీగ 200 మీటర్ల దూరాన నిమిషంలో ఆరో వంతే. అయినా ఆకాశం మీద నల్లని గీతగా కనిపిస్తుంది. "ఒకటి ఉన్నది" అని తెలుసుకోవటం వేరు, "రెండున్నాయి" అని పోల్చుకోవటం వేరు గదా. అట్లాగే రెండు గీతలు ఒకదాని కొనకు ఒకటి సరిగా అతికాయా లేదా అనే సంగతి, నిమిషంలో పదోవంతు తేడా ఉన్నా మన కన్ను పసికట్టగలదు. పై తరగతుల ప్రయోగశాలలో ఉండే వెర్నియర్ స్కేలు ఈ శక్తి మీద ఆధారపడే పనిచేస్తుంది.

కాబట్టి కెమెరా ఒక్క క్షణంలో అన్ని మూలలనూ సమానంగా పట్టుకుని దాచిపెడుతుంది. ఆ పనిలో అది కంటిని మించిపోయింది. కన్ను తనకు కావలసినదాన్ని వెతికి చూస్తుంది. చూసినదాన్ని మెదడు అర్థం చేసుకుంటుంది. రెండింటినీ ఒకే అంకెతో తూచటం పంచదారను మూరతో కొలిచినట్టు ఉంటుంది.

పెద్దలకు ఒక మాట

బొమ్మను తయారుచేసేది మెదడు అన్నాను. ఆ విద్య మెదడుకు పుట్టుకతో పూర్తిగా రాదు. మాటలు నేర్చినట్టే చూడటం కూడా నేర్చుకుంటుంది. కిర్ష్ గారి ఫొటోలో ఉన్న మూడు నెలల బిడ్డ వయసులో, పిల్లల చూపు పెద్దల చూపులో ఇంచుమించు పదోవంతే. తరువాత కొన్నేళ్ళకు గాని పూర్తి చూపు రాదు.

ఆ కొన్నేళ్ళలో ఒక కంటికి మసక బొమ్మలే అందుతున్నాయనుకోండి. మెదడు ఆ కంటి మాట వినటం మానేసి, రెండో కంటితోనే పని గడుపుకుంటుంది. దీన్ని సోమరి కన్ను అంటారు. బిడ్డకు నొప్పి ఉండదు. కన్ను పైకి చక్కగానే ఉంటుంది. రెండో కన్ను బాగా కనిపిస్తున్నది కనుక బిడ్డ ఏమీ చెప్పడు. కెమెరా కటకం మీద దుమ్ము పడితే పదేళ్ళ తరువాత తుడిచినా మంచి బొమ్మ వస్తుంది. కంటి విషయం అట్లా కాదు. ఏడెనిమిదేళ్ళ లోపల గుర్తిస్తే, కళ్ళద్దాలు పెట్టి, మంచి కంటిని రోజుకు కొన్ని గంటలపాటు మూసి ఉంచి, సోమరి కంటి చేత పని చేయించి బాగుచెయ్యవచ్చు. ఆలస్యమయ్యేకొద్దీ బాగుపడటం కష్టమవుతుంది. ఇందుకే మీ చేత రెండు కళ్ళనూ విడివిడిగా పరీక్ష చేయించాను.

ఇక పెద్ద తరగతుల పిల్లలకు ఎక్కువగా వచ్చేది హ్రస్వదృష్టి. "సైటు వచ్చింది" అంటాము. కనుగుడ్డు కాస్త పొడుగు పెరిగి, దూరపు వస్తువుల బొమ్మ రెటీనాకు ముందే ఏర్పడుతుంది. గుడ్డు పొడవు ఒక్క మిల్లీమీటరు పెరిగితే చాలు, సుమారు రెండున్నర పవరు గల అద్దాలు కావలసివస్తాయి. ఇది నెమ్మదిగా వస్తుంది కనుక, లోకమే అంత మసకగా ఉంటుందని పిల్లవాడు అనుకుంటాడు. చెట్టు ఆకులు విడివిడిగా కనిపించాలని అతనికి ఎవరు చెబుతారు?

నేను చాలా ఏళ్ళు బడిలో పనిచేసినవాణ్ణి. నల్లబల్ల వదిలి పక్కవాడి పుస్తకం చూసి రాసుకునేవాడు, అంకెలు తప్పుగా ఎక్కించుకునేవాడు, చూసేటప్పుడు కళ్ళు చికిలించేవాడు ప్రతి తరగతిలోనూ ఉంటాడు. "వీడికి శ్రద్ధ లేదు" అని తీర్పు చెప్పేముందు వాడి కళ్ళు చూపించాలి. తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో "కంటి వెలుగు" అనే పేరుతో ప్రభుత్వాలు ఉచితంగా కంటి పరీక్షలు మొదలుపెట్టాయి; ఆంధ్రప్రదేశ్‌లో మొదటి విడత బడిపిల్లలకే చేశారు. అట్లాంటి శిబిరం కోసం ఎదురుచూడనక్కరలేదు. బడిలో వెయ్యకముందు ఒకసారి, తరువాత ఏడాదికొకసారి కంటివైద్యుడి చేత పరీక్ష చేయించండి. కాగితం మీద పట్టీలు గీసి చేసిన పరీక్ష అనుమానం కలిగించటానికి పనికివస్తుంది గాని, వైద్యుడి పరీక్షకు బదులు కాదు. పిల్లలు రోజుకు రెండు గంటలు ఆరుబయట ఆడుకుంటే సైటు వచ్చే అవకాశం తగ్గుతుందని కూడా పరిశోధనల్లో తేలింది. కాబట్టి సాయంత్రం పూట ఆటకు వెళ్ళే పిల్లవాణ్ణి ఆపకండి!

కళ్ళద్దాలు పెట్టుకున్న తోటివాణ్ణి "నాలుగు కళ్ళవాడా" అని వెక్కిరించే అలవాటు కొందరికి ఉన్నది. పిల్లలూ, ఈ వెక్కిరింతకు జడిసి అద్దాలు సంచీలో దాచుకునే వాళ్ళున్నారు. వాళ్ళకు నల్లబల్ల మీద పాఠం సగం పోతుంది. మీ తరగతిలో ఎవరైనా అట్లా దాచుకుంటే, "పెట్టుకోరా, బాగుంటుంది" అని మీరే చెప్పండి.

ఈ నెల లెక్క

6 మీటర్ల దూరం నుంచి చదవటానికి అక్షరం ఎత్తు 8.7 మిల్లీమీటర్లు ఉండాలి. రైలుస్టేషను పేరు బోర్డు మీద ఇంగ్లీషు అక్షరాల ఎత్తు 30 సెంటీమీటర్లు అనుకుంటే, 6/6 చూపు గలవాడు దాన్ని ఎంత దూరం నుంచి చదవగలడు? త్రైరాశికం వేసి చూడండి. 200 మీటర్లు దాటి కొద్దిగా వస్తే మీ లెక్క సరిపోయినట్టే. మరి మన తెలుగు అక్షరాలు అదే ఎత్తులో ఉంటే అంత దూరం నుంచి చదవగలమా? గుడులూ, సుడులూ, వత్తులూ గుర్తుకు తెచ్చుకుని ఆలోచించండి. ఈసారి ప్రయాణంలో కిటికీ పక్కన కూర్చుని పరీక్షించి, మీకు ఏమి తోచిందో రాయండి.

వచ్చే నెల గద్ద కంటిని గురించి తెలుసుకుందాం.